వెబ్ ఫాంట్లు వచ్చాక అక్షరాల ఎంపికలో ఏం మారింది?

మీరు అడిగినదానిలో రెండు ప్రశ్నలున్నాయి. కంప్యూటర్లో ముందే ఉండే ఫాంట్లతోనే సైట్లు నడిపిన కాలంతో పోలిస్తే వెబ్ ఫాంట్ల వల్ల, అంటే పేజీతోపాటే సైటు నుంచి పాఠకుడికి చేరే ఫాంట్ల వల్ల, డిజైనరుకు కొత్తగా ఏం చేతికొచ్చిందన్నది మొదటిది. వేల ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్న ఈ రోజుల్లో ఒక సైటుకు ఎన్ని తీసుకోవాలి, దేన్ని చూసి ఎంచుకోవాలన్నది రెండోది. ఈ మార్పును మొదటినుంచీ పనిలో చూస్తూ వచ్చాను గనుక కొంచెం వివరంగానే రాస్తాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఫాంట్ల సంఖ్య పెరగడాన్ని నేను పెద్ద లాభంగా లెక్కపెట్టను. ఒక మంచి ఫాంటు కుటుంబాన్ని దాని మందాలు, వెడల్పులు, అంకెల రూపాలతో సహా పూర్తిగా వాడుకునే వీలు కలగడమే అసలు లాభం, చాలామంది డిజైనర్లు ఇప్పటికీ వాడుకోకుండా వదిలేస్తున్నదీ అదే.

పాత పరిస్థితి ఏమిటో తెలిస్తే తేడా అర్థమవుతుంది. వెబ్ పేజీలో డిజైనరు రాసే ఫాంటు పేరు ఒక విన్నపం మాత్రమే. ఆ ఫాంటు పాఠకుడి కంప్యూటర్లో ఉంటే బ్రౌజరు దాన్ని వాడుతుంది, లేకపోతే వరుసలో తర్వాతి పేరు చూస్తుంది, ఏదీ దొరక్కపోతే తనకు తోచినది వాడుతుంది. కాబట్టి అందరి దగ్గరా ఉంటాయని నమ్మదగిన ఏడెనిమిది ఫాంట్లతోనే పని జరిగేది. 1996లో మైక్రోసాఫ్ట్ 'కోర్ ఫాంట్స్ ఫర్ ద వెబ్' పేరుతో ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్, జార్జియా, వెర్డానా వంటి కొన్నిటిని ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. వాటిలో వెర్డానా, జార్జియాలను అక్షరాల రూపకర్త మాథ్యూ కార్టర్ ప్రత్యేకించి తెర కోసం గీశారు. తక్కువ రిజల్యూషన్ తెరల మీద చిన్న సైజులో కూడా అక్షరం అక్షరంగా కనబడడం వాటి గొప్పతనం. 2002లో మైక్రోసాఫ్ట్ ఆ ఉచిత పంపిణీని ఆపేసినా, అప్పటికే అవి చాలా కంప్యూటర్లకు చేరిపోయాయి. దాదాపు పదేళ్లపాటు వెబ్ అంతా ఆ కొద్ది ఫాంట్లలోనే చదువుకున్నాం.

అంతకు మించి కావాలనుకున్నవాళ్లకు అడ్డదారులే మిగిలాయి. శీర్షికను ఫొటోషాప్‌లో కావలసిన ఫాంటులో రాసి, బొమ్మగా భద్రపరచి, పేజీలో పెట్టేవాళ్లం. శీర్షికలో ఒక్క అక్షరం మారినా మళ్లీ ఫైలు తెరవాలి, మళ్లీ బొమ్మ తీయాలి, మళ్లీ సర్వరుకు ఎక్కించాలి. బొమ్మలోని మాటలను వెతుకుడు యంత్రాలు చదవలేవు, చూపు లేనివారి స్క్రీన్ రీడర్ చదవలేదు, పాఠకుడు కాపీ చేసుకోలేడు, పేజీని పెద్దది చేస్తే అంచులు పిక్సెళ్లుగా విడిపోతాయి. ఆ తర్వాత ఫ్లాష్ అనే బ్రౌజరు అనుబంధం సాయంతో శీర్షికలను మార్చి చూపే సిఫర్ అనే పద్ధతి, జావాస్క్రిప్టుతో అక్షరాలను గీసే కుఫోన్ అనే పద్ధతి వచ్చాయి. రెండూ తెలివైన ఉపాయాలే, కానీ నాలుగు శీర్షికలకు పనికొచ్చేవి తప్ప పేజీ మొత్తాన్ని మోయగలిగినవి కావు.

ఫాంటును పేజీతోపాటే పంపాలన్న ఆలోచన మాత్రం పాతదే. 1997లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4లో ఆ సదుపాయం ఉంది, 1998 నాటి సీఎస్ఎస్ 2 ప్రమాణంలో (సీఎస్ఎస్ అంటే పేజీ రూపురేఖలు రాసే భాష) ఫాంటును ఎక్కడి నుంచి తేవాలో చెప్పే ఫాంట్-ఫేస్ నియమం కూడా ఉంది. అయితే మైక్రోసాఫ్ట్ ఒక ఫైలు రూపాన్ని, ఆనాటి మరో బ్రౌజరు సంస్థ నెట్‌స్కేప్ వేరొక రూపాన్ని పట్టుకుని కూర్చున్నాయి. ఫాంటు తయారీదారులకేమో తమ ఫైళ్లు ఎవరు పడితే వాళ్లు దించుకుంటారన్న భయం ఉండేది. ఆ నియమాన్ని సీఎస్ఎస్ 2.1లో తీసేశారు కూడా. 2008లో సఫారీ 3.1, 2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 మామూలు ట్రూటైప్, ఓపెన్‌టైప్ ఫైళ్లను నేరుగా తీసుకోవడం మొదలుపెట్టాక కథ మారింది. అద్దె పద్ధతిలో ఫాంట్లు అందించే టైప్‌కిట్ 2009లో, ఉచితంగా అందించే గూగుల్ ఫాంట్ల సేవ 2010లో వచ్చాయి. వెబ్ కోసమే కుదించిన వోఫ్ అనే ఫైలు రూపం 2012 డిసెంబరులో, దానికంటే బాగా కుదించే వోఫ్ 2 అనేది 2018లో, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణాలయ్యాయి. ఈ రోజు కొత్త సైటుకు వోఫ్ 2 ఒక్కటి చాలు. పాత పాఠాల్లో కనిపించే నాలుగైదు రకాల ఫైళ్ల జాబితాలను కాపీ చేసుకోకండి.

ఇక లాభాల విషయం. కోరుకున్న రూపంలో ఉంటూనే పాఠం పాఠంగా నిలిచిందన్నది మొదటి లాభం. శీర్షికను అనువదించవచ్చు, వెతకవచ్చు, స్క్రీన్ రీడరు చదువుతుంది, తెర చిన్నదైతే తనంతట తానే రెండు వరుసలవుతుంది. ఫోన్లు వచ్చి తెరల వెడల్పులు లెక్కకు అందకుండా పోయిన తర్వాత బొమ్మల శీర్షికలతో నెట్టుకురావడం ఎటూ సాధ్యమయ్యేది కాదు.

రెండో లాభం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను. పాత ఫాంట్లలో చాలావాటికి మామూలు, బోల్డు అనే రెండు మందాలే ఉండేవి. స్టైల్‌షీటులో, అంటే సీఎస్ఎస్ రాసే ఫైలులో, 100 నుంచి 900 దాకా మందాలు రాసే వీలున్నా, వాటి వెనక ఫైళ్లు లేవు. ఇప్పుడు ఒకే కుటుంబంలో ఏడెనిమిది మందాలు మామూలైపోయాయి. దాంతో పేజీలోని అంతస్తులను సైజుతోనే చూపించాల్సిన అవసరం తప్పింది. పాఠం సైజులోనే ఉన్న ఉపశీర్షికను 600 మందంలో పెడితే చాలు, కంటికి తెలుస్తుంది. అయితే ఒక జాగ్రత్త ఉంది. మీరు 400 మందం ఫైలు ఒక్కటే ఇచ్చి, స్టైల్‌షీటులో 700 అడిగితే బ్రౌజరు ఊరుకోదు, ఉన్న అక్షరం గీతలనే లావు చేసి దొంగ బోల్డు తయారుచేస్తుంది. ఇంగ్లిషు రాసే లాటిన్ అక్షరాల్లో అది అందవిహీనంగా ఉంటుందంతే. మన లిపిలో చదవడానికే అడ్డమవుతుంది. 'థ'కూ 'ధ'కూ కడుపులో చుక్కే కదా తేడా, చిన్న సైజులో దొంగ బోల్డు పడితే ఆ కడుపు పూడుకుపోయి చుక్క ఉందో లేదో తెలియదు. ఫాంట్-సింథసిస్ అనే లక్షణానికి నన్ అని విలువ ఇస్తే బ్రౌజరు ఈ పని మానుకుంటుంది. సైటు తయారయ్యే దశలో నేను దాన్ని తప్పకుండా పెడతాను, ఏ మందం ఫైలు తేవడం మరిచామో వెంటనే బయటపడుతుంది.

అంకెల సంగతి ఇంకా తక్కువమంది పట్టించుకుంటారు. మంచి ఫాంటులో అంకెలు ఒకటికి మించిన రూపాల్లో ఉంటాయి. వాక్యం మధ్యలో ఒదిగిపోయేలా ఎత్తుపల్లాలున్నవి కొన్ని, పెద్దక్షరాల ఎత్తుకు సమంగా నిలబడేవి కొన్ని. వెడల్పులో కూడా రెండు రకాలు: 1 సన్నగా, 8 వెడల్పుగా దేని చోటు అది తీసుకునేవి, అన్నీ ఒకే వెడల్పులో ఉండి పట్టికలో నిలువుగా వరుస కట్టేవి. ఫాంట్-వేరియంట్-న్యూమరిక్ అనే లక్షణంతో వీటిలో కావలసినవి ఎంచుకోవచ్చు. ఒకసారి నేను చేసిన నివేదికల సైటులో పట్టికలన్నీ ఈ సమాన వెడల్పు అంకెలతో చక్కగా కుదిరాయి. ఫైలు బరువు తగ్గించడానికి ఫాంటులో అక్కర్లేని అక్షరాలను కత్తిరించి కొత్త ఫైలు పెట్టాం. మర్నాడు చూస్తే 1,111 ఒకచోట, దాని కింద 8,888 మరోచోట నిలబడి వరుసంతా చెదిరిపోయింది. అంకెలు ఎక్కడికీ పోలేదు. కత్తిరించే పరికరం తన మామూలు అమరికలో సమాన వెడల్పు అంకెల లక్షణాన్ని అక్కర్లేనిదిగా తీసేసింది. ఫాంట్‌టూల్స్ అనే పరికరాల కట్టలోని, ఫాంట్లను కత్తిరించే పైఎఫ్‌టీసబ్‌సెట్ వాడేవారు ఏయే ఓపెన్‌టైప్ లక్షణాలు మిగలాలో పేరుపేరునా చెప్పాలన్న పాఠం నాకు అలా తెలిసింది.

2016 సెప్టెంబరులో అడోబీ, యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి వార్సాలో ప్రకటించిన వేరియబుల్ ఫాంట్లు ఈ లోతును ఇంకా పెంచాయి. మామూలు ఫాంటులో ఒక్కో మందానికి ఒక్కో ఫైలు ఉంటుంది. వేరియబుల్ ఫాంటులో ఒకే ఫైలు ఉంటుంది, అందులో అక్షరం మూల రూపమూ, అది సన్నబడేటప్పుడూ లావయ్యేటప్పుడూ గీతలోని ఒక్కో బిందువు ఎటు ఎంత జరగాలన్న లెక్కా ఉంటాయి. మధ్యలో ఏ విలువ అడిగినా బ్రౌజరు అప్పటికప్పుడు గీసి ఇస్తుంది. 400కు, 500కు మధ్య 437 కావాలన్నా దొరుకుతుంది. దీనివల్ల నాకు బాగా ఉపయోగపడిన సందర్భం ఒకటి చెబుతాను. నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు కంటికి కొంచెం లావుగా కనిపిస్తాయి. చీకటి రంగుల అమరికలో పాఠం మందాన్ని 400 నుంచి 370కి దించితే రెండు అమరికల్లోనూ ఒకే ఒత్తుగా చదువుకోవచ్చు. ఇందుకోసం ఇంకో ఫైలు తేవాల్సిన పని లేదు. వేరియబుల్ ఫైలు ఒక్క మామూలు ఫైలు కంటే బరువైనదే అయినా, నాలుగైదు మందాలు వాడే సైటులో విడివిడి ఫైళ్ల మొత్తం కంటే తరచుగా తేలికగానే ఉంటుంది. ఒకటి రెండు మందాలతో సరిపెట్టుకునే సైటుకు మాత్రం విడి ఫైళ్లే మేలు.

వేరియబుల్ ఫాంటులో ఇలా మార్చగలిగే ఒక్కో గుణాన్ని అక్షం అంటారు. మందం, వెడల్పు కాక మరో అక్షం ఉంది, దాన్ని ఆప్టికల్ సైజు అంటారు. సీసపు అక్షరాల కాలంలో ఒకే ఫాంటును చిన్న సైజుకు వేరుగా, పెద్ద సైజుకు వేరుగా చెక్కేవారు. చిన్నదానిలో గీతలు కాస్త మందంగా, ఎడాలు వదులుగా ఉండేవి, పెద్దదానిలో సన్నని గీతలు నిజంగానే సన్నగా ఉండేవి. కంప్యూటర్లు వచ్చాక ఒకే బొమ్మను సాగదీయడం అలవాటై ఆ విద్య పక్కకు పోయింది. ఆప్టికల్ సైజు అక్షం ఉన్న వేరియబుల్ ఫాంటును ఎంచుకుంటే బ్రౌజరు సైజును బట్టి రూపాన్ని తనే సర్దుతుంది, మీరు వేరే కోడు రాయనక్కర్లేదు. వెబ్‌లో టైపోగ్రఫీకి జరిగిన మంచి పనుల్లో దీన్ని నేను చాలా పైన పెడతాను.

ఇన్ని లాభాలకూ వెల ఉంది. ఫాంటు ఇప్పుడు పాఠకుడి దగ్గర లేదు, మీరు పంపాలి, అతను తెచ్చుకోవాలి. నెమ్మదైన కనెక్షన్ మీద ఏం జరుగుతుందో ఒక్కసారి దగ్గరగా చూడండి. ముందు పేజీ పాఠం ఉన్న హెచ్‌టీఎంఎల్ ఫైలు వస్తుంది, తర్వాత స్టైల్‌షీటు వస్తుంది. అందులో ఫాంటు చిరునామా కనబడినా బ్రౌజరు వెంటనే దాన్ని తేవడానికి బయల్దేరదు. పేజీలో ఆ ఫాంటు కావలసిన మాట నిజంగా ఉందని తేలిన తర్వాతే అడుగుతుంది. అంతవరకూ ఆ మాటను ఏం చేయాలి? చాలా బ్రౌజర్లు మామూలుగా మూడు సెకన్ల వరకు దాన్ని కనబడకుండా దాచిపెడతాయి. పేజీలో గీతలు, బొమ్మలు, బటన్ల రంగులు అన్నీ ఉంటాయి, అక్షరాలు మాత్రం ఉండవు. ఆలోపు ఫాంటు రాకపోతే పాఠకుడి దగ్గర ముందే ఉన్న సిస్టమ్ ఫాంటుతో చూపిస్తాయి. చివరికి ఫాంటు వచ్చాక మళ్లీ మారుస్తాయి, అప్పుడు ఒక వరుసలో పట్టిన శీర్షిక రెండు వరుసలవుతుంది, దాని కింద పేరా మొత్తం కిందికి జారుతుంది, మూడో వాక్యం చదువుతున్న పాఠకుడు తన చోటు పోగొట్టుకుంటాడు.

ఇక్కడ డిజైనరు తీసుకోవలసిన నిర్ణయం ఒకటుంది, దాన్ని ప్రోగ్రామరుకు వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఫాంట్-డిస్‌ప్లే అనే లక్షణానికి స్వాప్ అని ఇస్తే పాఠం వెంటనే సిస్టమ్ ఫాంటులో కనబడి, తర్వాత మారుతుంది. ఆప్షనల్ అని ఇస్తే సెకనులో పదో వంతు మాత్రం ఆగి, ఫాంటు రాకపోతే ఆ పేజీకి సిస్టమ్ ఫాంటుతోనే సరిపెడుతుంది, తర్వాతి పేజీకి, బ్రౌజరు తెచ్చినవి దాచుకునే కాష్‌లో ఉంటే వాడుతుంది. ఫాల్‌బ్యాక్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పొడవైన వ్యాసాలుండే సైటులో పాఠానికి నేను ఆప్షనల్ వైపే మొగ్గుతాను, చదివేవాడి చూపు చెదరడం కంటే మొదటి పేజీ సాదా ఫాంటులో ఉండటమే నయం. సంస్థ గుర్తింపు ఫాంటు మీదే ఆధారపడిన శీర్షికలకు స్వాప్ ఇస్తాను. ఫాంటు కోసం అక్షరాలను దాచిపెట్టి ఆగే బ్లాక్ అనే విలువను ఎవరైనా పాఠానికి వాడుతుంటే, ఎందుకని అడిగి తెలుసుకోండి.

స్వాప్ వల్ల వచ్చే కుదుపును తగ్గించే మార్గం కూడా ఉంది. సిస్టమ్ ఫాంటుకే మరో ఫాంట్-ఫేస్ నియమం రాసి, సైజ్-అడ్జస్ట్ అనే విలువతో దాన్ని మీ వెబ్ ఫాంటు కొలతకు దగ్గరగా తేవచ్చు. మీ ఫాంటులో అక్షరాలు ఏరియల్ కంటే సగటున 5 శాతం వెడల్పుగా ఉన్నాయనుకుందాం, అప్పుడు ఏరియల్‌కు 105 శాతం ఇస్తే వరుసలు దాదాపు అక్కడే విరుగుతాయి. అక్షరం పైకీ కిందికీ ఎంత చోటు తీసుకోవాలో సరిచేసే అసెంట్-ఓవర్‌రైడ్, డిసెంట్-ఓవర్‌రైడ్ కూడా ఉన్నాయి. వీటిని సర్దడానికి ఒక పూట పడుతుంది, కానీ ఫాంటు మారిన సంగతి పాఠకుడికి తెలియనంత మెత్తగా జరిగిపోతుంది. ముఖ్యమైన ఒకటి రెండు ఫాంటు ఫైళ్లను ప్రీలోడ్ చేయమని పేజీ పైభాగంలో రాస్తే అవి ముందుగానే బయల్దేరతాయి. అక్కడ క్రాస్‌ఆరిజిన్ అన్న గుణం రాయడం మరవకండి. ఫాంటు మీ సర్వరు మీదే ఉన్నా అది ఉండాలి, లేకపోతే అదే ఫైలు రెండుసార్లు దిగుతుంది.

లాటిన్ కాని లిపులకు వెబ్ ఫాంట్ల వల్ల కలిగిన మేలు ఇంకా పెద్దది. లాటిన్‌కు కనీసం ఏడెనిమిది ఫాంట్లు ముందే ఉండేవి. తెలుగుకు విండోస్‌లో ఒకప్పుడు గౌతమి ఒక్కటే దిక్కు. అన్ని లిపులకూ ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్ స్థిరపడకముందు అనేక తెలుగు సైట్లు సొంత సంకేతాలతో తయారైన ఫాంటును పేజీతో పంపేవి. ఆ ఫాంటు రాకపోతే తెర మీద అర్థంలేని లాటిన్ గుర్తులు కనబడేవి, వెతికినా ఏదీ దొరికేది కాదు. ఇప్పుడు నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు, మండలి, రామభద్ర, సూరన్న వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి, అన్నీ యూనికోడ్‌లోనే పనిచేస్తాయి. పాఠానికి ఒకటి, శీర్షికకు ఒకటి అన్న మాట మన లిపిలో ఇటీవలే అర్థవంతమైంది.

అయితే ఈ లిపుల ఫాంటును కత్తిరించడం ఇంగ్లిషు ఫాంటును కత్తిరించినంత తేలిక కాదు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలే, ఫాంటులో ఉండే రూపాలు మాత్రం వందల్లో ఉంటాయి. 'స్త్రీ' అన్న మాటనే తీసుకోండి. కంప్యూటరు దృష్టిలో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి అనే ఆరు గుర్తుల వరుస. తెర మీద గుడి చివరి అక్షరానికి కాక మొదటి 'స' మీదికి వెళ్లాలి, 'త' ఒత్తుగా మారాలి, 'ర' క్రారవడిగా మారి దాని చోట కుదురుకోవాలి. ఈ పని హార్ఫ్‌బజ్ వంటి అమరిక ఇంజన్ చేస్తుంది, ఫాంటులోని పట్టికలు దానికి దారి చూపిస్తాయి. కత్తిరించేటప్పుడు ఆ పట్టికలు పోతే అక్షరాలు ఉంటాయి, ఒత్తులు విడిపోతాయి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లును పొల్లుగానే నిలిపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తును కూడా మిగలవలసినవాటి జాబితాలో చేర్చాలి. కత్తిరించిన ప్రతిసారీ క్లిష్టమైన మాటలు ఓ ఇరవై రాసిన పేజీతో పోల్చి చూడటం నా అలవాటు.

రెండు లిపులు కలిసే పేజీలో యూనికోడ్-రేంజ్ అనే లక్షణం చాలా సాయం చేస్తుంది. ఒకే కుటుంబం పేరు కింద లాటిన్ అక్షరాలకు ఒక ఫైలు, తెలుగు అక్షరాలకు మరో ఫైలు ఇచ్చి, ఏ గుర్తులకు ఏది వాడాలో చెప్పవచ్చు. తెలుగు మాట ఒక్కటీ లేని పేజీలో తెలుగు ఫైలు దిగనే దిగదు. వేల అక్షరాలున్న చైనా, జపాన్ ఫాంట్లను వెబ్‌లో వాడగలగడం ఈ పద్ధతి పుణ్యమే, వాటిని వంద ముక్కలకు పైగా విడగొట్టి పేజీకి కావలసిన ముక్కలే పంపుతారు. ఇందులో రెండు చోట్ల తడబడతారు. ఒకటి విరామచిహ్నాలు: కామా, కొటేషన్ గుర్తులు, ఖాళీ జాగా రెండు ఫాంట్లలోనూ ఉంటాయి, మీరు నిర్ణయించకపోతే ఆ కుటుంబం పేరు కింద చివరగా రాసిన ఫాంటువే వస్తాయి. తెలుగు వాక్యం మధ్యలో సన్నని లాటిన్ కామా అతికినట్టు ఉండదు. రెండోది సైజు: ఒకే సైజు అంకెతో రెండు లిపులను పక్కపక్కన పెడితే చాలా జంటల్లో ఒకటి మరోదాన్ని మింగేస్తుంది. ఇక్కడ కూడా సైజ్-అడ్జస్ట్‌తోనే సరిచేయాలి, కొలతకు లెక్కల కంటే కన్నే నమ్మకమైనది.

వరుసల ఎడం గురించి ఒక మాట. ఇంగ్లిషు పాఠానికి 1.4, 1.5 సరిపోతుంది. ఒత్తులు కిందికి దిగి, గుడులు పైకి లేచే మన లిపికి నేను 1.7 దగ్గర మొదలుపెట్టి ఫాంటును బట్టి తగ్గిస్తాను. బటన్లు, మెనూల పెట్టెల ఎత్తును ఇంగ్లిషు మాటలతో కొలిచి బిగిస్తే ఒత్తుల అడుగులు తెగిపోతాయి. అలాగే ఇటాలిక్ కూడా. తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ ఫైలు సాధారణంగా ఉండదు, బ్రౌజరు మామూలు అక్షరాన్నే పక్కకు వంచి చూపిస్తుంది. నొక్కి చెప్పవలసిన మాటను మందంతోనో రంగుతోనో చూపితే బాగుంటుంది.

లైసెన్సు విషయం క్లుప్తంగా చెబుతాను గానీ తేలిగ్గా తీసుకోకండి. కంప్యూటర్లో పోస్టరు చేసుకోవడానికి కొన్న ఫాంటును సైటులో పెట్టే హక్కు చాలా సందర్భాల్లో ఉండదు. వెబ్ వాడకానికి వేరే లైసెన్సు ఉంటుంది, కొన్నిటికి నెలకు ఎన్ని పేజీలు తెరుచుకుంటాయన్న లెక్క కూడా ఉంటుంది. నేను పనిచేసిన ఒక సంస్థలో ముద్రణ కోసం కొన్న ఫాంటును అలాగే సర్వరుకు ఎక్కించారు, తయారీదారు నుంచి ఉత్తరం వచ్చాక ఆరు నెలల పని తిరగరాసుకోవలసి వచ్చింది. స్వేచ్ఛా ఫాంట్లలో ఎక్కువ భాగం ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వస్తాయి. సైటులో వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, ఫాంటును విడిగా అమ్మకూడదు. తయారీదారు ఫాంటు పేరును రిజర్వు చేసి ఉంటే, మార్చిన ఫాంటును ఆ పేరుతో పంచకూడదు. ఈ ఒక్క నిబంధన చదవకుండా కత్తిరింపుకు దిగకండి.

ఫైళ్లు ఎక్కడ ఉంచాలన్నదానికి జవాబు కొన్నేళ్లలోనే తారుమారైంది. గూగుల్ సేవ నుంచి తెస్తే, పాఠకుడు మరో సైటులో అదే ఫాంటు చూసి ఉంటాడు గనుక కాష్ నుంచే వస్తుందని ఒకప్పుడు మేమంతా చెప్పేవాళ్లం. సఫారీ ముందే, 2020లో క్రోమ్, 2021లో ఫైర్‌ఫాక్స్ ప్రతి సైటుకూ కాష్‌ను విడగొట్టాయి, కాబట్టి ఆ లాభం ఇప్పుడు లేదు. పైగా 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు ఒకటి, సందర్శకుడి ఐపీ చిరునామా అతని అనుమతి లేకుండా గూగుల్‌కు చేరేలా ఫాంట్లు తెచ్చిన సైటు యజమాని 100 యూరోలు చెల్లించాలని తీర్పిచ్చింది. అందుకని ఫైలు దించుకుని, లైసెన్సు ప్రతితో సహా మీ సర్వరు మీదే పెట్టుకోండని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. వేగానికీ, పాఠకుడి గోప్యతకూ అదే మంచిది.

చివరగా ఎంపిక. ఫాంటు పేజీలో చూపించే నమూనా వాక్యాన్ని బట్టి ఎంచుకోకండి, అది ఆ ఫాంటుకు బాగా నప్పే మాటలతో రాసిందే. మీ సైటులోని నిజమైన పేరా ఒకటి, అన్నిటికంటే పొడవైన శీర్షిక ఒకటి, అంకెలున్న పట్టిక ఒకటి, తప్పు జరిగినప్పుడు వచ్చే ఎర్ర సందేశం ఒకటి తీసుకుని, నాలుగు ఫాంట్లలో పెట్టి, చవకైన ఫోను మీద ఎండలో చదివి చూడండి. నాలుగింటిలో రెండు అక్కడే రాలిపోతాయి. మిగిలినవాటిలో మందాలు ఎన్ని ఉన్నాయి, అంకెల రూపాలు ఏమేం ఉన్నాయి, మీకు కావలసిన లిపులన్నీ ఒకే చేతిలోంచి వచ్చాయా అని చూడండి. రెండో కుటుంబం కావాలనిపిస్తే, మొదటిదాని మందం, వెడల్పు, సైజులతో సాధించలేని పని ఏదో ఒక వాక్యంలో రాయండి. రాయగలిగితే తెచ్చుకోండి. నేను చేసిన సైట్లలో సగానికి పైగా ఆ వాక్యం రాయలేక ఒకే కుటుంబంతో ఆగిపోయాను, వాటిలో ఏ ఒక్కదానికీ మరో ఫాంటు చేర్చాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.